ఉప్పునీళ్ల ట్యాంకులో పచ్చ నాచు వదలట్లేదు, ఫాస్ఫేట్ మాత్రం 0.02 చూపిస్తోంది

పానగల్లు_చేపలు:

అందరికీ నమస్తే. మాది నల్గొండ. మూడడుగుల ట్యాంకు, సంప్‌తో (కింద ఉండే ఫిల్టర్ తొట్టి) కలిపి 200 లీటర్ల దాకా నీళ్లు. రెండు క్లౌన్ చేపలు, ఒక బ్లెన్నీ చేప, పగడాల తరహా జీవుల్లో జోవాంథిడ్లు, మష్రూములు, గ్రీన్ స్టార్ పాలిప్ ఒక ముక్క ఉన్నాయి. పెట్టిన కొత్తలో ఇసుక మీద గోధుమ రంగు దుమ్ములాంటిది వచ్చి దానంతటదే పోయింది. ఉగాది దాటాక అసలు కథ మొదలైంది. రాళ్లన్నిటి మీదా వెంట్రుకల్లాంటి పచ్చ నాచు, ఇప్పుడు వేలెడంత పొడవుంది. స్టార్ పాలిప్ దాని కింద ముడుచుకునే ఉంటోంది, తెరుచుకోవడమే లేదు. చేత్తో పీకుతున్నా, వారం తిరిగేసరికి మళ్లీ అంతే.

సాలినిటీ (ఉప్పదనం) 1.025. నాచుకు తిండి నైట్రేట్, ఫాస్ఫేట్ అంటారు కదా, అవి చూస్తే 5, 0.02 పీపీఎం మాత్రమే. నీళ్లు వంటింటి ఆర్వోవి, టీడీఎస్ (నీళ్లలో కరిగున్న లవణాలు) మీటర్ 85 చూపిస్తోంది. లైటు పది గంటలు. ఎండలకు ట్యాంకు 30 డిగ్రీలు దాటుతుంటే పైన ఫ్యాన్ పెట్టాను, 28 దగ్గర ఆగుతోంది. రోజూ మూడు నాలుగు లీటర్లు తగ్గిపోతే ఆర్వో నీళ్లే పోస్తున్నా. మా నాయన మాత్రం "నల్గొండ నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటది, అదే కారణం" అంటున్నాడు. చేపల షాపాయన నాచు మందు సీసా ఒకటి ఇచ్చాడు, పది చుక్కలు చాలన్నాడు. వేయమంటారా? టెన్షన్‌గా ఉంది.

సూర్యాపేట_సాల్ట్:

వద్దు భయ్యా. మంచినీళ్ల ట్యాంకుల కోసం అమ్మే నాచు మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. నత్తలు, రొయ్యలు, పాలిప్‌లు దాన్ని తట్టుకోవు. రాళ్లు, ఇసుక పీల్చుకున్నాయంటే తర్వాత కూడా వదులుతూనే ఉంటాయి. మూడు రోజులు లైటు ఆపేసి ట్యాంకు మీద దుప్పటి కప్పు, నాచు దెబ్బకు పోతుంది.

పాలమూరు_రీఫ్:

తమ్మీ, సీసా గురించి సూర్యాపేట తమ్ముడు చెప్పిందే రైటు. దుప్పటి దగ్గరే నేను ఒప్పుకోను. చీకట్లో నాచు చస్తుంది, నిజమే. చచ్చింది ట్యాంకులోనే కుళ్లి, తిన్నదంతా నీళ్లలోకే వదులుతుంది. మళ్లీ లైటు వేసిన నాటి నుంచి కొత్త పంట.

నా అనుమానమంతా మీ వంటింటి ఆర్వో మీదే. మూత తీసి చూడు. మెంబ్రేన్ (నీళ్లను వడగట్టే పొర) పక్కన చిన్న ప్లాస్టిక్ వాల్వు, దాని మీద స్క్రూ ఉంటుంది. దాన్ని టీడీఎస్ కంట్రోలర్ అంటారు. తాగే నీళ్లు మరీ చప్పగా ఉండొద్దని, మెంబ్రేన్‌లోకి వెళ్లని నీళ్లు కొన్ని తెచ్చి కలపడం దాని పని. మీటర్ 85 దగ్గర ఉందంటే అది తెరిచి ఉన్నట్టే, లేదా మెంబ్రేన్ పాడైనట్టు.

ఇంకోటుంది. మన బోరు నీళ్లకు మెంబ్రేన్ మీద సున్నం పేరుకోకుండా, ముందున్న డబ్బాలో తెల్ల గోళీల్లాంటివి వేస్తారు. యాంటీస్కేలెంట్ బాల్స్. చాలావాటిలో ఉండేది పాలీఫాస్ఫేట్, అంటే గొలుసుగా అతుక్కున్న ఫాస్ఫేట్. మెంబ్రేన్ దాన్ని ఆపుతుంది, కానీ వాల్వు దారిన వచ్చే నీళ్లకు అడ్డమేముంది? మన టెస్ట్ కిట్‌కు కనబడేది ఆర్థోఫాస్ఫేట్ (విడిగా ఉండే ఫాస్ఫేట్) మాత్రమే. పాలీఫాస్ఫేట్ ట్యాంకులో మెల్లగా విడిపోతుంటే, కిట్‌కు దొరికేలోపే నాచు తినేస్తుంది. నీకు కనబడిన 0.02 నాచు తినగా మిగిలింది.

ఇక ఫ్యాన్. రోజుకు మూడు నాలుగు లీటర్లంటే నెలకు వంద లీటర్ల పైమాటే, అంటే సగం ట్యాంకు. ఆవిరయ్యేది నీళ్లు ఒక్కటే, వాటిలో కలిసున్నవన్నీ అక్కడే ఉంటాయి. చారు మరిగేకొద్దీ ఉప్పెక్కుతుంది చూడు, అట్లా. ఎండాకాలంలోనే నాచు విజృంభించడానికి నేనైతే ఎండ కంటే ఈ టాప్‌అప్‌నే ఎక్కువ అనుమానిస్తా.

ఫ్లోరైడ్‌కు నాచుతో సంబంధం లేదు. సముద్రపు నీళ్లలోనే లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాములు ఉంటుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పడింది, అందుకే మీ దగ్గర ఏమైనా దాన్నే తిడతారు! కానీ మీ ఆర్వోకు బోరు నీళ్లే వస్తుంటే, ఆ వాల్వు దారిలో ఫ్లోరైడ్ మీ గ్లాసుల్లోకీ వస్తుంది. తాగే నీళ్లకు పరిమితి 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5. ఆ సంగతి మీ నాయనకు చెప్పు.

ట్యాంకుకు మాత్రం మెంబ్రేన్ గొట్టం నుంచే నేరుగా పట్టు, దాని తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) డబ్బా ఒకటి తగిలించు. మీటర్ సున్నా చూపించాలి. కొత్తలో వచ్చిన గోధుమ దుమ్ము డయాటమ్స్, వాటికి సిలికా కావాలి. మన గ్రానైట్ నేల బోర్లలో సిలికా మామూలే, అది టీడీఎస్ మీటర్‌కు సరిగా చిక్కదు. రెజిన్ అయిపోవచ్చినప్పుడు ముందు జారిపోయేవాటిలో అదొకటి, కాబట్టి మీటర్ ఒకటో రెండో చూపించగానే రెజిన్ మార్చెయ్.

ఉన్న నాచును ఉత్త చేత్తో పీకితే ముక్కలు తేలిపోయి ఇంకో రాయికి అంటుకుంటాయి. పంపులన్నీ ఆపు. పాత టూత్‌బ్రష్‌కు సన్న పైపును రబ్బరు బ్యాండుతో కట్టు, పైపు మూతి కుచ్చు పక్కనే ఉండాలి. రెండో కొస కింద బకెట్లో. రుద్దుతుంటే తెగింది తెగినట్టు పైపులోకి లాగేస్తుంది. 20 లీటర్లు దిగగానే ఆపి, అంతే కొత్త ఉప్పునీళ్లు పోయి. వారానికోసారి చాలు. లైటు ఏడెనిమిది గంటలకు తగ్గించు.

నత్తలు ఆ తర్వాతే. పొడుగు నాచును అవి ముట్టవు, పొట్టిగా చేసిస్తే గీకుతాయి. మన వేడికి ట్రోకస్ మేలు, వెల్లకిలా పడ్డా తిరగబడతాయి. ఫాస్ఫేట్ రిమూవర్ వాడితే సగం డోసుతో మొదలుపెట్టు. ఒక్కసారే సున్నాకు దించితే డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు) దిగుతాయి, అవి ఈ నాచు కంటే మొండివి.

సూర్యాపేట_సాల్ట్:

దుప్పటి సంగతి సరే అన్నా, మీ మాటే కానీయండి. ఒక్కటి మరిచారు. జోవాంథిడ్లున్న రాయిని రుద్దేటప్పుడు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. నాచు చావాలని ఆ రాయిని వేడినీళ్లలో ఉడకబెడితే, ఆవిరి పీల్చినవాళ్లు ఆసుపత్రి పాలవుతారు.

పానగల్లు_చేపలు:

మూత తీశాను అన్నా. వాల్వు సగానికి పైగా తెరిచే ఉంది. మెంబ్రేన్ గొట్టం దగ్గర పట్టి చూస్తే టీడీఎస్ 9! తెల్ల గోళీలూ ఉన్నాయి. చేపల కోసం ఆర్వో విప్పుతావా అని నాయన గరమైండు. గ్లాసులోకి ఫ్లోరైడ్ వస్తుందని చెప్పగానే స్క్రూడ్రైవర్ తనే తెచ్చిచ్చిండు.

ఇంకో డౌటు. ఇసుక మీద ఓ మూలన ఎర్రగా జిగురు పొరలాంటిది వస్తోంది. ఇదీ నాచేనా? సంప్‌లో కీటో అనే ఉండ నాచు పెంచితే లాభముంటదా?

పాలమూరు_రీఫ్:

అది సయనోబాక్టీరియా. నీళ్లు కదలని మూలన అట్లా పరుచుకుంటుంది. పైపుతో పొరలాగా లాగేసి, వేవ్‌మేకర్ (నీళ్లు కదిలించే పంపు) మూతి అటు తిప్పు. యాంటీబయాటిక్ వేయమనేవాళ్లు తగులుతారు, వినకు. రాళ్లలోని మంచి బాక్టీరియాకూ దెబ్బే.

కీటో తప్పకుండా పెట్టు. సంప్‌లో చిన్న లైటు, ట్యాంకు లైటు ఆరినాక అది వెలగాలి. రాత్రిపూట పీహెచ్ మరీ పడిపోకుండా కూడా కాస్తుంది. ఉండ పెరిగాక సగం తెంపి పారెయ్, అట్లా తెంపితేనే అది తిన్న ఫాస్ఫేట్ బయటికి పోయేది.

వచ్చే ఆదివారం దేవరకొండలో పెళ్లి ఉంది, అట్నుంచి నల్గొండ వస్తా. గుప్పెడు కీటో తడి కవర్లో తెస్తా. బదులుగా నాకొక జోవాంథిడ్ ముక్క తీసి పెట్టు, నాచు లేనిది చూసి!