సమస్య: "పుర్రె లైదు చూచి పొంగె రాజు"

ఆటవెలది నాలుగో పాదం ఇది. మ్యాట్ లీకాక్ రూపొందించగా 2008లో వచ్చిన 'రోల్ త్రూ ది ఏజెస్: ది బ్రాంజ్ ఏజ్' ఆటను వస్తువుగా తీసుకుని పూరించమని కోరాను. ఆడనివారి కోసం నాలుగు మాటలు. ఎన్ని నగరాలుంటే అన్ని పాచికలు. మూడుతో మొదలై ఏడు దాకా పెంచుకోవచ్చు. ఒక్కో వంతులో మూడుసార్లు దొర్లించవచ్చు గాని, పుర్రె పడిన పాచికను మళ్లీ వేయకూడదు. ఆ పుర్రె రెండు సరుకులూ తెస్తుంది, ఆపదా తెస్తుంది. రెండు పుర్రెలకు కరవు, మూడింటికి ఎదుటివారికి తెగులు, నాలుగింటికి దండయాత్ర, ఐదింటికి తిరుగుబాటు. తిరుగుబాటులో కొట్టులోని సరుకంతా పోతుంది. మరి రాజు పొంగడమేమిటి?

మొదటి పూరణ:

మతము గొన్న పిదప మనవారి సరుకులు
చెక్కు చెదర వింక చింత లేదు
తిరుగుబాటు పొరుగు దేశాల కురకంగ
పుర్రె లైదు చూచి పొంగె రాజు

చాలా బాగుంది. చిక్కుముడిని ఆట నియమంతోనే విప్పారు. ఈ ఆటలో కొనుక్కునే ప్రత్యేక సౌలభ్యాలను అభివృద్ధులంటారు. వాటిలో మతం అనేదాన్ని కొన్నవారికి ఐదు పుర్రెలు పడితే తిరుగుబాటు ఎదుటివారి మీదికి పోతుంది. సమస్య ఇచ్చినప్పుడు నా మనసులో ఉన్నదీ ఇదే. 'దేశాల' వ్యావహారికం. 'దేశమ్ములకుఁ బాఱ' అంటే గణాలూ యతీ చెడవు, భాష కూడా ఒకే తీరున నడుస్తుంది.

రెండవ పూరణ:

నాల్గు పడిన నాఁడు నాల్గంకములు పోవు
దండయాత్ర వలన దారి లేక
కొట్టు వట్టి దైనఁ గొఱతేమి యనుకొని
పుర్రె లైదు చూచి పొంగె రాజు

ఈ ఆలోచన నాకు తట్టలేదు, మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. దండయాత్రను ఆపే కట్టడమైన మహాకుడ్యం కట్టుకోని రాజుకు నాలుగు పుర్రెలు పడితే నాలుగు పాయింట్లు నష్టం. ఐదోది కూడా పడితే దండయాత్ర తప్పి తిరుగుబాటు వస్తుంది. సరుకు పోతుందే గాని పాయింట్లు పోవు. అంటే కొట్టులో ఏమీ లేనివాడికి ఐదో పుర్రె శాపం కాదు, వరం. ఒక్క సందేహం: ఆపదలు లెక్కించేలోపే సరుకులు చేరతాయి కదా? ఐదు పుర్రెలకు పది సరుకులు వచ్చి, వచ్చినట్టే పోతాయి. కనుక ఆ క్షణాన కొట్టు 'వట్టిది' కాదు. 'కొట్టు నిండ కున్నఁ' అని మారిస్తే?

కవి సమాధానం: నిజమే, పాత నిల్వ లేదన్న ఊహలో కొత్తగా వచ్చినదాన్ని మరిచాను. మీ సవరణే ఉంచుతాను.

మూడవ పూరణ:

పక్కవాఁడు వేయఁ బాచిక లేడింట
పోఁగు చేసినట్టి పొరుగు సరకు
గాలి కెగిరి పోయెఁ గాంచుమో యనుచును
పుర్రె లైదు చూచి పొంగె రాజు

పుర్రెలు తనవి కాక పక్కవాడివి కావడం సులువైన దారే అయినా, 'ఏడింట' ఐదు అనడంతో పక్కవాడి ఏడు నగరాలూ కళ్ల ముందుకొచ్చాయి. 'పక్కవాఁడు' అన్నాక 'పొరుగు' మళ్లీ అక్కరలేదు. పైగా ఆ పక్కవాడు మతం కొని ఉంటే గాలికెగిరేది మన సరుకే! మతం అతని దగ్గర లేదని ఒక్క మాట పడాలి.

మరొక పూరణ మొదటి పాదం 'నేల దున్ని జనుల పొట్టలు నింపెడు' అని వచ్చింది. గణాలు సరే, 'నే'కు 'పొ'తో యతి చెల్లదు. 'నెమ్మిఁ బోషించెడి' అంటే చెల్లుతుంది. నగరానికొక తిండి చొప్పున పెట్టాలన్న నియమాన్ని పద్యంలోకి తెచ్చిన ఒకే ఒక్కరు వీరు. మిగతా పాదాలు సవరించి మళ్లీ పంపండి, వదిలేయకండి.

చివరగా నా పూరణ:

ఆట ముగియు వేళ నంగడి యేటికి
మిగులు సరకు విలువ మిథ్య గాదె
దండు రాదు మార్కు తగ్గదు నేఁడని
పుర్రె లైదు చూచి పొంగె రాజు

ఎవరైనా ఐదో అభివృద్ధి కొన్నాక ఆ చుట్టుతో ఆట ముగుస్తుంది. మిగిలిన సరుకుకు పాయింట్లు రావు. 'మార్కు' అన్నందుకు అభ్యంతరమున్నవారు అదే గణంలో మంచి తెలుగు మాట చెబితే సంతోషంగా మార్చుకుంటాను.