వేడి చిప్, వెంట్రుకవాసి దూరంలో మైక్రోకెల్విన్ పరమాణువులు: ఇది ఎలా సాధ్యం?

ప్రశ్న (జిజ్ఞాసువు):
నమస్కారం. ఆటమ్ చిప్‌ల (సన్నని తీగల అయస్కాంత క్షేత్రంతో పరమాణువులను పట్టి ఉంచే చిప్‌ల) మీద సెమినార్‌కు సిద్ధమవుతూ ఒక్కచోటే ఆగిపోతున్నాను. చిప్ మీది బంగారు తీగలో ఆంపియర్ స్థాయి ప్రవాహం పోతుంటుంది కాబట్టి అది గది ఉష్ణోగ్రత కంటే వేడిగానే ఉంటుంది. దానికి 100 మైక్రోమీటర్ల ఎడంలో, అంటే అక్షరాలా వెంట్రుకవాసి దూరంలో, రుబిడియం పరమాణువుల మేఘం ఒక మైక్రోకెల్విన్ (పరమ శూన్య ఉష్ణోగ్రతకు పైన కెల్విన్‌లో పది లక్షలో వంతు) కంటే చల్లగా నిలుస్తుందని చదివాను. నిప్పు పక్కన మంచు నిలిచినట్టున్న ఈ సంగతి ఎలా సాధ్యం? ఆ అయస్కాంత క్షేత్రమే పరమాణువులను చల్లబరుస్తుందా?

సమాధానం (తీగచుట్ట):
మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే తికమకంతా అక్కడే ఉంది. క్షేత్రం చల్లబరచదు, అది పాత్ర మాత్రమే. గిన్నెలో జారవిడిచిన గోళీ ఘర్షణ లేకపోతే అవతలి అంచుకు అంతే ఎత్తు ఎక్కినట్టు, ఉచ్చులోని పరమాణువు తన శక్తిని కోల్పోకుండా అటూఇటూ ఊగుతూనే ఉంటుంది.

పాత్ర తయారయ్యే తీరు మాత్రం ముచ్చటైనది. తీగ చుట్టూ ఉండే క్షేత్రం దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది. తీగకు అడ్డంగా బయటి నుంచి ఏకరీతి క్షేత్రాన్ని ఇస్తే, ఆ రెండూ సరిగ్గా రద్దయ్యే గీత ఒకటి తీగ పొడవునా ఏర్పడుతుంది. తీగలోని 1 ఆంపియర్‌కు 20 గాస్ (గాస్ అంటే అయస్కాంత క్షేత్రపు కొలమానం) బయటి క్షేత్రం జోడిస్తే ఆ గీత 100 మైక్రోమీటర్ల ఎత్తున పడుతుంది, అక్కడి వాలు, అంటే దూరంతో క్షేత్రం మారే తీరు, సెంటీమీటరుకు 2,000 గాస్. పరమాణువు ఒక చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది, దాని దిక్కును నిర్ణయించే గుణమే స్పిన్. బలహీన క్షేత్రం వైపు లాగబడే స్పిన్ స్థితిలోని పరమాణువులు అక్కడ చేరతాయి. పరమాణువు శక్తి లెక్కలో ఒక గాస్ దాదాపు 67 మైక్రోకెల్విన్‌కు సమానం కనుక ఈ గిన్నె లోతు 1.3 మిల్లీకెల్విన్ మాత్రమే. సెకనుకు సుమారు 300 మీటర్ల వేగంతో పోయే మామూలు ఆవిరి పరమాణువును అది పట్టలేదు.

అందుకే ముందు 780 నానోమీటర్ల లేజర్‌తో చల్లబరచాలి. చిప్ ఒక వైపు దారిని మూసేస్తుంది కాబట్టి దాని ఉపరితలాన్నే అద్దంగా వాడి, మామూలుగా ఆరు వైపుల నుంచి వేసే కిరణాల పనిని నాలుగింటితో చేయిస్తారు. ఆ తరువాత రేడియో తరంగంతో అత్యంత వేడి పరమాణువులను ఏరి బయటకు నెడుతుంటే, మిగిలినవి ఒకదానినొకటి ఢీకొంటూ మరింత చల్లబడతాయి. ఉచ్చు ఇరుకు కావడంతో ఢీకొనడం తరచుగా జరుగుతుంది. పెద్ద తీగచుట్టలతో పదుల సెకన్లు పట్టే పని ఇక్కడ సెకను స్థాయిలో ముగుస్తుంది. 2001లో మ్యూనిక్, ట్యూబింగెన్ బృందాలు ఈ దారిలోనే చిప్ మీద బోస్-ఐన్‌స్టైన్ కండెన్సేట్‌ను (పరమాణువులన్నీ ఒకే క్వాంటం స్థితిలో చేరే అతిశీతల దశను) సాధించాయి.

సమాధానం (నిర్వాతం):
పై వివరణకు ఒక సవరణ. క్షేత్రం నిజంగా సున్నా అయిన చోట స్పిన్‌కు దిక్కు తెలియక తిరగబడి, పరమాణువు జారిపోతుంది. అందుకే తీగను ఇంగ్లిష్ జెడ్ అక్షరంలా వంచి, అడుగున కొద్దిపాటి క్షేత్రం మిగిలేలా చూస్తారు.

ఇక వేడి సంగతి. మధ్యలో గాలి లేదు కాబట్టి వేడి వికిరణంగానే రావాలి. 300 కెల్విన్ వికిరణం 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా ఉంటుంది. రుబిడియం స్పందించేది 780 నానోమీటర్లకు, లేదా 6.8 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌కు. ఆ రెండుచోట్లా ఈ వికిరణం అత్యల్పం కనుక పరమాణువుకు చిప్ వేడి దాదాపు కనిపించదు.

ప్రశ్న (జిజ్ఞాసువు):
ధన్యవాదాలండి. అలాగైతే మేఘాన్ని 5 మైక్రోమీటర్లకు దించితే ఉచ్చు ఇంకా బిగువుగా ఉంటుంది కదా, ఎందుకు దించరు?

సమాధానం (తీగచుట్ట):
దించుతారు, కానీ మూల్యం చెల్లిస్తారు. లోహంలోని ఎలక్ట్రాన్ల ఉష్ణచలనం వల్ల ఉపరితలానికి ఆనుకుని అయస్కాంత రొద ఉంటుంది. అది స్పిన్‌లను తిప్పేయడంతో కొన్ని మైక్రోమీటర్ల దగ్గర మేఘం ఆయువు సెకను స్థాయికి, ఇంకా దిగువకు పడిపోతుంది. చిప్ వేడి పరమాణువులకు తగిలేది ఈ రూపంలోనే. లోహపు పూతను పలచన చేస్తే కొంత మేలు.

రెండో ఇబ్బంది తీగ అంచులది. సూక్ష్మదర్శిని కింద చూస్తే నున్నగా కనిపించే అంచు నిజానికి కొద్దిగా గరుకుగా ఉంటుంది, ప్రవాహం ఆ గరుకును అనుసరించి రవ్వంత వంకరపోతుంది. తీగ పొడవునా 10 మిల్లీగాస్ హెచ్చుతగ్గు వచ్చినా అది 0.67 మైక్రోకెల్విన్ గుట్టతో సమానం. మేఘం అంతకంటే చల్లగా ఉంటే పూసల్లా ముక్కలవుతుంది. మేము మొదట చూసినప్పుడు కెమెరా లోపమనే అనుకుని రెండు రోజులు వృథా చేశాం. ప్రవాహాన్ని పెంచి సరిదిద్దబోయి ఒక తీగను కరిగించిన ఘనత కూడా నాదే. తీగలోని ప్రవాహాన్నీ బయటి క్షేత్రాన్నీ కలిపి సెకనుకు వేలసార్లు దిశ మారిస్తే, ఉచ్చు చెదరకుండా ఈ గుట్టలు మాత్రం సగటున చదునవుతాయి.