అప్‌డేట్: పొద్దున్నే వరస తుమ్ములు, ముక్కు దిబ్బడ, కారణం తెలిసింది (రాయగడ)

మా అబ్బాయికి నిద్ర లేవగానే ఆగకుండా తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద, జ్వరం మాత్రం లేదు, ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్. ఈఎన్‌టీకి చూపించమన్న మాటే పనిచేసింది. బరంపురం తీసుకెళ్లాం. చేతి మీద చుక్కలు వేసి గుచ్చే అలర్జీ టెస్ట్‌లో ఇంటి దుమ్ములో ఉండే మైట్స్‌కి (కంటికి కనపడని చిన్న పురుగులు) పాజిటివ్ వచ్చింది. అందరం అనుమానించిన వయ్యారిభామ కలుపు మొక్కకి నెగటివ్. పెరుగు, అరటిపండు మానక్కర్లేదన్నారు, వాడికి అదే పెద్ద సంతోషం.

రోజూ ముక్కులో కొట్టే ఫ్లూటికాసోన్ స్ప్రే (లోపలి వాపు తగ్గించే మందు) రాశారు. పూర్తి ఫలితానికి రెండు వారాలు పట్టొచ్చు కాబట్టి మధ్యలో ఆపకండి, కొట్టేటప్పుడు ముక్కు మధ్య గోడ వైపు కాకుండా చెవి వైపుకి తిప్పి, కుడి ముక్కుకి ఎడమ చేత్తో కొట్టాలి, లేదంటే ముక్కులోంచి రక్తం రావచ్చు అన్నారు డాక్టర్. దిబ్బడ తగ్గించే జైలోమెటాజోలిన్ చుక్కలు మాత్రం ఐదు రోజులు మించి వాడితే దిబ్బడ ఇంకా పెరుగుతుందట, ఇది దయచేసి గుర్తుపెట్టుకోండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతున్నాం, పాత దూది పరుపు తీసేశాం. ఇప్పుడు రాత్రిళ్లు నోరు మూసుకునే హాయిగా నిద్రపోతున్నాడు. స్ప్రే ఎప్పుడు తగ్గించాలో తర్వాతి చెకప్‌లో చెబుతామన్నారు.