కొటెత్సు సంతకం ఉన్న కటానా: డబ్బు కట్టేముందు ఏమేం చూడాలి?

కొత్తగా_చేరా

అందరికీ నమస్కారం. జపాన్‌లో ఒక అమ్మకందారు దగ్గరున్న కటానా మీద మనసు పడింది. నగాసా (అలుగు పొడవు) 70.3 సెం.మీ., సోరి (వంపు) 1.1 సెం.మీ., వెడల్పు మొదట్లో 3.1, మొన దగ్గర 2.0 సెం.మీ. పిడిలో దూరే భాగానికి, అంటే నకాగోకి, రెండు రంధ్రాలున్నాయి. దాని మీద ‘నగసోనె ఒకిసాతో న్యూదో కొటెత్సు’ అని చెక్కి ఉంది. తెల్లచెక్క ఒర, టోరోకుషో అనే రిజిస్ట్రేషన్ కార్డు, నిపుణుల సంస్థ 1970లలో ఇచ్చిన తొకుబెత్సు కిచో అనే పరీక్షా కాగితం కూడా ఇస్తామంటున్నారు.

కాగితం ఉంది కాబట్టి నిశ్చింతగా కొనొచ్చా? ఫోటోలు చూసి ఎంతవరకు తేల్చుకోవచ్చు? నకాగో మీద ఒకచోట ఎర్రటి తుప్పు కనబడుతోంది. కొన్నాక దాన్ని శుభ్రం చేయించాలా? కత్తి చేతికొచ్చాక పిడి విప్పి చూసే పద్ధతి కూడా చెప్పండి.

ఇనుపరజను

ముందు మీరు చేయాల్సింది ఆ సంతకాన్ని ఒక కాగితం ముక్కతో కప్పేసి కత్తిని చూడటం. పేరు చదివాక కన్ను ఆ పేరుకి తగ్గట్టే చూస్తుంది. జపాన్‌లో ‘కొటెత్సు కనబడితే ముందు నకిలీ అనుకో’ అనే మాట ఊరికే పుట్టలేదు. కొటెత్సు 17వ శతాబ్దంలో ఎదో నగరంలో (ఇప్పటి టోక్యో) పనిచేసిన కమ్మరి, కవచాలు చేసే పని వదిలి కత్తులకొచ్చినవాడు. వేరేవాళ్ళ కత్తుల మీద ఆయన పేరు చెక్కడం ఎదో యుగంలోనే మొదలైంది.

ఆకారంతో మొదలుపెడదాం. కన్బున్ కాలం (1661–1673) కత్తులకి వంపు తక్కువ, మొదటి నుంచి మొనకి వచ్చేసరికి వెడల్పు బాగా తగ్గుతుంది, మొన చిన్నది. పొడవు చాలావాటికి 2 షాకు 3 సున్ దరిదాపుల్లో ఉంటుంది. 1 షాకు అంటే 30.3 సెం.మీ., అందులో పదో వంతు సున్, సున్‌లో పదో వంతు బు. కాబట్టి మీ 70.3 సెం.మీ. సరిగ్గా 2 షాకు 3 సున్ 2 బు. 3.1 నుంచి 2.0కి తగ్గడం, 1.1 వంపు, అన్నీ ఆ కాలానికి ఒదుగుతున్నాయి. కానీ దీనివల్ల తేలేది ‘కన్బున్ కాలపు కత్తి కావచ్చు’ అన్నంతవరకే. ఆ కాలంలో కత్తులు చేసిన కమ్మరులు బోలెడుమంది. వాళ్ళలో ఎవరో చేసిన మంచి కత్తి మీద పెద్ద పేరు చెక్కి అమ్మడం పాత వ్యాపారమే.

తర్వాత హమోన్, అంటే గట్టిపరచిన పదును వెంట కనబడే అల గీత. కొటెత్సు పేరు చెబితే గుర్తొచ్చేది జుజుబా, అంటే జపమాల పూసలు వరసగా పేర్చినట్టు గుండ్రటి తలల అల. అలాంటి అల ఇంకొందరు కూడా వేశారు గనక అది ఉన్నంత మాత్రాన కొటెత్సు అయిపోదు. ఆయన ముందటి పనిలో వేరే రకం అలలు కూడా ఉన్నాయి గనక అది లేనంత మాత్రాన కాదని కూడా అనలేం.

ఇక నకాగో. నా లెక్కలో తీర్పులో సగం ఇక్కడే ఉంది. కింది ఫోటోలు అడగండి: రెండు వైపులా నిండుగా ఒక్కొక్కటి, సంతకం మీద దగ్గరగా రెండు, రంధ్రాల అంచులు, వెన్ను వైపు, అడుగు చివర. వెలుగు పక్కనుంచి పడాలి. ఫ్లాష్ వేసి తీస్తే గీతల లోతు తెలియదు.

అందులో ఏం వెతకాలంటే, 17వ శతాబ్దపు నకాగో తుప్పు ముదురు గోధుమ రంగు నుంచి నలుపులోకి తిరిగి, పైన చేయి పెడితే జారేటట్టు నున్నగా ఉంటుంది. పొడిపొడిగా, నారింజ రంగులో, అంతటా ఒకే మందంలో ఉంటే మందుతో పట్టించిన తుప్పు. ఆకురాయి గీతలు ఒకే కోణంలో, ఒకే ఎడంలో, రెండు వైపులా సాగాలి. సంతకం పక్కన మాత్రమే గీతలు పదునుగా ఉండి మిగతా చోట మాసిపోయి ఉంటే, లేదా అక్కడ ఇనుము కొంచెం లోపలికి తగ్గి ఉంటే, పాత పేరు చెరిపేసి కొత్తది వేశారని అర్థం.

అక్షరాలను దగ్గరగా చూడండి. ఉలి మీద చిన్న సుత్తితో టకటకా కొట్టుకుంటూ పోతే ప్రతి గీతా బరువుగా మొదలై సన్నగా ముగుస్తుంది, పక్కన ఇనుము కాస్త పైకి లేస్తుంది. కాలం గడిచేకొద్దీ ఆ లేచిన అంచు అరిగి గుండ్రమవుతుంది. గీత అడుగున తుప్పు చుట్టుపక్కల తుప్పు రంగులోనే ఉండాలి. అడుగున ఎర్రగానో మెరుస్తూనో ఉంటే నిన్నమొన్నటి పని. అయితే అంతా నల్లగా ఉంది కదా అని సంబరపడకండి. 200 ఏళ్ళ కిందట వేసిన దొంగ సంతకానికి కూడా 200 ఏళ్ళ తుప్పే పట్టి ఉంటుంది.

అందుకే చివరి పరీక్ష అసలు సంతకాల ఓషిగాతాలతో, అంటే కాగితం మీద రుద్ది తీసిన అచ్చులతో, పోల్చడం. కొటెత్సు తన పేరులోని ‘పులి’ అక్షరాన్ని రెండు రకాలుగా రాశాడు, ముందు హనెతొరా, తర్వాత హకొతొరా. ఒక రకం అక్షరం, ఇంకో కాలపు పనితనం కలిసి వస్తే అక్కడితో ఆగిపోవచ్చు. అచ్చు ఒకే సైజులో తీసి పక్కపక్కన పెట్టండి. ఆకారం ఎవరైనా కాపీ కొట్టగలరు, ఉలి ఏ వైపు నుంచి ఏ వైపుకి నడిచిందో దాన్ని దాచడం కష్టం.

పాతకాగితం

కాగితాల సంగతి నేను చెబుతాను, ఎక్కువమంది బోల్తాపడేది అక్కడే.

టోరోకుషో అసలైనదని చెప్పే పత్రం కాదండీ. అది ప్రిఫెక్చర్ (జపాన్‌లో రాష్ట్రం లాంటిది) విద్యామండలి ఇచ్చే రిజిస్ట్రేషన్ కార్డు. రకం, పొడవు, వంపు, రంధ్రాల సంఖ్య, నకాగో మీద ఏం చెక్కి ఉందో అది ఉన్నదున్నట్టు రాస్తారు. దొంగ సంతకమైనా అలాగే ఎక్కించేస్తారు. మీరు చూడాల్సింది ఒక్కటే: కార్డు మీది అంకెలు కత్తితో కలుస్తున్నాయా? కార్డులో రంధ్రం ఒకటే అని ఉండి కత్తికి రెండు ఉంటే, ఆ కార్డు వేరే కత్తిదై ఉండొచ్చు. తేదీ షోవా 26 అని ఉంటే 1951 అన్నమాట (షోవా సంవత్సరానికి 1925 కలపాలి). ఆ ఏడాది కార్డు ఉంటే పెద్ద జమీందారీ ఇంటి కత్తి అని అమ్మేవాళ్ళు ఊరిస్తారు. దానివల్ల సంతకం నిజమైపోదు.

ఇక తొకుబెత్సు కిచో. ఇది ఎన్‌బీటీహెచ్‌కే అనే, జపాన్ కత్తులను పరీక్షించి కాగితాలిచ్చే సంస్థ పాత పద్ధతిలో ఇచ్చినది. సంస్థ 1948లో మొదలైంది, పాత కాగితాల స్థానంలో 1982లో హొజోన్, తొకుబెత్సు హొజోన్ అనే రెండు స్థాయిల కాగితాలు తెచ్చారు. వీటిపైన జూయో, దానిపైన తొకుబెత్సు జూయో. పాత కాగితాల్లో చాలా వరకు తీర్పు సరైనదే. కానీ పెద్ద పేర్ల విషయంలో, అందులోనూ 1970ల కాగితాల విషయంలో, సేకరించేవాళ్ళు వాటిని చివరి మాటగా తీసుకోరు. కొటెత్సు అని రాసిన పాత కాగితం మాత్రమే ఉండి, ఇన్నేళ్ళలో ఎవరూ కొత్త కాగితానికి పంపలేదంటే, పంపి తిరస్కరించబడిందేమో అని ఆలోచించాల్సిందే. దొంగ సంతకం అని తేలితే సంస్థ కాగితం ఇవ్వదు, కత్తి వెనక్కి వస్తుంది, ఆ తిరస్కరణ సంగతి కొనేవాడికి ఎవరూ చెప్పరు.

మీరు అడగాల్సింది ఇది: ‘కొనే ముందు హొజోన్‌కి పంపుతారా, కాగితం రాకపోతే డబ్బు తిరిగిస్తారా?’ ఇది కత్తి జపాన్ దాటకముందే జరగాలి. ఎగుమతి చేసేటప్పుడు టోరోకుషో తిరిగి అప్పజెప్పి, సాంస్కృతిక వ్యవహారాల సంస్థ (బుంకాచో) దగ్గర ఎగుమతి పత్రం తీసుకోవాలి. ఒకసారి బయటికి వచ్చాక మళ్ళీ పరీక్షకి పంపాలంటే విమానాశ్రయంలో పోలీసులకి చూపి, మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించి, ఆ తతంగమంతా కొత్తగా మొదలు. టోరోకుషో రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోవడం మరవకండి.

వెదురుమేకు

ఇంకో సులువైన గుర్తు: హమోన్ ఏ కోణంలో చూసినా తెల్లగా ఒకేలా కనబడితే అది ఆమ్లం పూసి వేసిన నకిలీ. వదిలేయండి.

సానరాయి

@వెదురుమేకు గారూ, ఆ మాట అలా వదిలేస్తే మంచి కత్తులు కూడా చేజారిపోతాయి. సానపట్టేవాళ్ళు చివర్లో హదోరి అని ఒక పని చేస్తారు. బొటనవేలి కింద పలుచటి రాతిచెక్క పెట్టుకుని హమోన్ వెంట రుద్ది తెల్లబరుస్తారు. అది కూడా ఏ కోణంలో చూసినా తెల్లగానే ఉంటుంది. కొత్తవాళ్ళు ఆ తెల్లటి మబ్బునే హమోన్ అనుకుంటారు. అసలు హమోన్ దాని లోపల ఉంటుంది.

చూసే పద్ధతి: గది చీకటి చేసి ఒకే ఒక్క చిన్న బల్బు పెట్టండి. ట్యూబ్‌లైట్ పనికిరాదు. మొన బల్బు వైపు పెట్టి, కత్తిని అంగుళం అంగుళం ముందుకు జరుపుతూ బల్బు ప్రతిబింబం పక్కన చూడండి. ఒక కోణంలో సన్నటి, పాలపొంగు లాంటి గీత మెరుస్తుంది, అది నియోయి. దానిమీద ఇసుక రేణువుల్లా మెరిసే చుక్కలుంటే అవి నియె. కోణం మార్చగానే మాయమై, మళ్ళీ అదే కోణంలో కనబడాలి. ఆమ్లంతో వేసినదానికి ఈ మెరుపు గీత ఉండదు, వట్టి తెలుపే ఉంటుంది.

మొన దగ్గర యొకొతె గీత కూడా చూడండి. అసలు కత్తిలో అది రెండు తలాలు కలిసే అంచు. వెలుగు అక్కడ విరుగుతుంది. నకిలీల్లో ఒక వైపు గరుకుగా రుద్ది గీత ఉన్నట్టు భ్రమ కల్పిస్తారు. ఆ గీత దాటి హమోన్ మొనలోకి పాకి, వెన్ను వైపు తిరగాలి. దీన్ని బోషి అంటారు. అలా తిరగకుండా అంచు దగ్గరే తెగిపోయి ఉంటే మొన విరిగి మళ్ళీ చెక్కారు. ఎంత పెద్ద పేరైనా విలువ ఒక్కసారిగా పడిపోతుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది హగిరె. పదును అంచుకి అడ్డంగా, తల వెంట్రుకంత సన్నటి బీట. ఫోటోలో దొరకదు. అంచుని బల్బు వైపు తిప్పి ఒక్కో అంగుళం జరుపుతూ చూడాలి, ముఖ్యంగా మొన నుంచి మూడో వంతు వరకు, వంగిన గుర్తులున్న చోట. నీళ్ళలో ముంచి గట్టిపరచిన భాగం గాజులా పెళుసు, దెబ్బ తగిలినా వంగినా అక్కడే చీలుతుంది. దీనికి మరమ్మతు లేదు. చిన్న గాట్లు, హకొబొరె, సానతో పోతాయి. హగిరె పోదు.

హబాకి (అలుగు మొదట్లో తొడిగే లోహపు పట్టీ) తీసి, హామాచి, అంటే అలుగు నకాగోని కలిసే చోట ఉన్న మెట్టు, ఎంత లోతు మిగిలి ఉందో చూడండి. పదును వైపు మెట్టు బాగా అరిగి దాదాపు లేకుండా పోయిందంటే చాలాసార్లు సానపట్టారు, లోపలి మెత్తటి ఉక్కు బయటపడే రోజు దగ్గర్లోనే ఉంది. ఉక్కు పొరల జాడ లేని మసక మచ్చ లాంటిది కనబడితే అది బయటపడిపోయిన లోపలి ఉక్కే.

హామాచి దగ్గర నుంచి ఏటవాలుగా పైకి లేచే తెల్లటి నీడ, మిజుకాగె, ఉంటే మంటల్లో కాలి, మళ్ళీ నీళ్ళలో ముంచి గట్టిపరచిన కత్తి కావచ్చు. హోరికవా కునిహిరో లాంటి కమ్మరుల అసలు పనిలో కూడా ఈ నీడ ఉంటుంది. అందుకే నకాగో కూడా చూడాలి: కాలినదైతే తుప్పు పొరలు పొరలుగా లేచి గరుకుగా ఉంటుంది.

కొత్తగా_చేరా

చాలా థాంక్స్. రంధ్రాలు రెండు ఉన్నాయంటే కత్తిని కుదించినట్టేనా? అలాగే ఆ ఎర్ర తుప్పు సంగతి.

ఇనుపరజను

రెండో రంధ్రం వేరే పిడి కోసం వేసినదైనా కావచ్చు. కుదిస్తే, అంటే సురియాగె చేస్తే, అడుగు నుంచి కోసి, మెట్టుని పైకి జరిపి, కొత్త రంధ్రం పైన వేస్తారు. అప్పుడు నకాగో పై భాగం ఒకప్పుడు కత్తి అలుగు కదా, అక్కడ తుప్పు లేతగా, ఆకురాయి గీతలు వేరుగా ఉంటాయి. హమోన్ కూడా మెట్టు దాటి కిందికి దిగుతుంది. ఆ ఆనవాళ్ళేమీ లేకుండా రంధ్రం మాత్రమే అదనంగా ఉంటే భయం లేదు. రంధ్రం సంతకంలో ఒక అక్షరాన్ని తినేసిందా అన్నది మాత్రం చూడండి.

సానరాయి

నకాగోని ఎవరి చేతా శుభ్రం చేయించవద్దు! ఆ తుప్పే కత్తి వయసు చెప్పే సాక్ష్యం. ఒక్కసారి గీకితే తిరిగి రాదు, ఆ తర్వాత ఏ నిపుణుడూ నమ్మకంగా మాట చెప్పలేడు. ఎర్రగా పొడి రాలుతుంటే వేలికి ఒక చుక్క సన్నటి నూనె రాసుకుని అక్కడ అద్ది, మెత్తటి పొడిబట్టతో ఒత్తి తీసేయండి, అంతే.

విప్పడం ఇలా. ముందు కత్తిని ఒరలోంచి తీయాలి, తీసేటప్పుడు పదును పైకి ఉండాలి. పిడిలోని వెదురు మేకుకి ఒక వైపు సన్నం, ఒక వైపు లావు. సన్నటి వైపు నుంచి మెకుగినుకితో (మేకు తీసే చిన్న పనిముట్టు) నెట్టాలి. తర్వాత ఎడమ చేత్తో పిడి చివర పట్టుకుని, కత్తిని కొంచెం ఏటవాలుగా నిలబెట్టి, కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద కొట్టండి. మొదట మెల్లగానే. ఒక్కో దెబ్బకి నకాగో కొంచెం పైకి లేస్తుంది. చిన్న కత్తితో ఇది మరీ జాగ్రత్త, గట్టిగా కొడితే ఎగిరి చేతిమీద పడుతుంది. రాకపోతే సుత్తి పట్టుకోవద్దు, మేకు ఇంకోటి ఉందేమో చూడండి.

అలుగు తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి మైక్రోఫైబర్ బట్ట చాలు. వెన్ను వైపు నుంచి పట్టుకుని మొన వైపుకే తుడవండి, వెనక్కి రావద్దు. ఉచికో పొడి (సన్నటి రాతిపొడి) కొట్టడం చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ ఏళ్ళ తరబడి సన్నటి గీతలు మిగులుస్తుంది, మంచి సాన మీద వాడకండి. తర్వాత చోజి నూనె (కత్తులకి రాసే సన్నటి నూనె), కంటికి కనబడీ కనబడనంత.

పాతకాగితం

అమ్మకందారు హొజోన్‌కి పంపడానికి ఒప్పుకోకపోతే, పేరు లేని కన్బున్ కత్తికి ఎంత ఇస్తారో అంతే ఇస్తామని చెప్పి చూడండి. కొందరు ‘సంతకం చెరిపించి పేరు లేనిదిగా పంపుదాం’ అంటారు. చెరిపింది మళ్ళీ రాదు, ఓషిగాతాలతో పోల్చడం పూర్తి కాకుండా దానికి ఒప్పుకోకండి. సంతకం దగ్గరి రెండు ఫోటోలు రాగానే ఇక్కడ పెట్టండి, ‘పులి’ అక్షరంతోనే మొదలుపెడదాం.