సమస్య: “తల్లి మలమె బిడ్డ కెల్ల బలము”

నిర్వాహకుడు: నిన్న రాత్రి నిద్రపట్టక తిరుగుతుంటే తట్టిన పాదం. ఇదే చివరి పాదంగా, రోత కనబడకుండా ఆటవెలదిలో పూరించండి. గడువు ఆదివారం.

కావలి కవి:
ఆకులోని విషము నరిగించు జీవులు
అమ్మ కడుపు నుండి యందు నెపుడు
చెట్టు మీది కోల చిన్నారి కూనకు
తల్లి మలమె బిడ్డ కెల్ల బలము

తుంగతీరం: భావానికి నూటికి నూరు. అయితే “కోల” అంటే మనకు కర్ర. మీరు చెప్పేది కోవాలా, ఆస్ట్రేలియాలో చెట్ల మీద బతికే సంచి జంతువు. సీతా సీత అయినట్టు కోవాలా “కోవాల” అవుతుంది. త-గణం (గురువు, గురువు, లఘువు), పాదంలో నాలుగో గణంగా హాయిగా కూర్చుంటుంది: “కొమ్మ పట్టి తిరుగు కోవాల కూనకు”. ఇక “ఎపుడు” పాదం నిండడానికే వచ్చింది.

బ్రిస్బేన్ వాసి: నిండడానికి రావడమే కాదు, తప్పు కూడా. పుట్టినప్పుడు కూన రెండు సెంటీమీటర్లుంటుంది, సంచిలో పాలే తాగుతుంది. ఆరో నెల చుట్టుపక్కలే తల్లి అంధనాళం (పెద్దపేగు మొదట ఉండే సంచి) నుంచి పలచని ముద్దలాంటిది వస్తుంది. నేల మీద రాలే గట్టి గుళిక వేరు, ఇది వేరు. తల్లి సంచి నోరు కిందికి తెరుచుకుంటుంది, కూన తల బయటపెట్టి అక్కడే నాకేస్తుంది. యూకలిప్టస్ విషాన్ని విరిచే సూక్ష్మజీవులు అలా కూనకు చేరతాయి. రోగమొచ్చిన కోవాలాకు యాంటీబయాటిక్ ఇస్తే ఆ జీవులు చచ్చి, మేత ఎదురుగా ఉన్నా జంతువు చిక్కిపోతుంది. ‘ఎల్ల బలము’ అన్నమాట అక్షరాలా నిజం. “ఆరు నెలల వేళ నమ్మ యొసగు” అంటే సరిపోతుంది.

కావలి కవి: రెండు సవరణలూ తీసుకున్నాను. తుంగతీరం గారూ, వేసవి సమస్యలో మీరు రాసిన “చెట్టు కౌగిలించి చలువ నొందె”లో చె–చ యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి) చెల్లదని అప్పుడే చెప్పాను. ఎవరూ పలకలేదు.

తుంగతీరం: చెల్లదు. ఒప్పుకుంటున్నాను. “చెట్టు నంటి యొడలి చిచ్చు దీర్చె”.

బ్రిస్బేన్ వాసి: యతి పోయినా విషయం పోలేదు. ఎండల్లో కోవాలాలు గాలికన్నా చల్లగా ఉండే మొదళ్లకు పొట్ట ఆనించి పడుకుంటాయని మెల్‌బోర్న్ పరిశోధకులు 2014లో చూపించారు. మా వీధి చివర చెట్టు మీద నేనూ చూశాను, నాలుగు కాళ్లూ వేలాడేసి బోర్లా పడి ఉంది.

ఓరుగల్లు శారద: నాది క్రమాలంకారంలో: పై ప్రశ్నలకు చివరి పాదంలోని మాటలే వరుసగా జవాబులు.
సంచి మోయు నెవరు? జారునే దడుగున?
వీపు పట్టు నెవరు? వేళ్ళ కేమి?
అడుగఁ జెట్టు కొమ్మ లల్లన నుడివెను
తల్లి, మలమె, బిడ్డ, కెల్ల బలము

కావలి కవి: అమ్మా, సమస్యలో ఉన్నది “బిడ్డకు + ఎల్ల”. మీ ప్రశ్న “ఎవరు” అయితే జవాబు “బిడ్డకు” ఎలా అవుతుంది?

ఓరుగల్లు శారద: నిజమే. “వీపు నెవరి కిడును? వేళ్ళ కేమి?”

బ్రిస్బేన్ వాసి: వేళ్ల బలం మంచి పట్టు! ముందు చేతికి రెండు బొటనవేళ్లు, అందుకే నున్నటి కొమ్మా జారదు. సంచి దాటాక కూన తల్లి వీపెక్కుతుంది. నేల దిగినప్పుడే దానికి కుక్కలూ కార్లూ గండం. క్వీన్స్‌లాండ్‌లో 2022 నుంచి అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో ఉంది.

ఓరుగల్లు శారద: కావలి కవి గారూ, “కూనకు”, “బిడ్డకు” రెండూ ఎందుకు?

కావలి కవి: పట్టేశారు.
ఆకులోని విషము నరిగించు జీవుల
ఆరు నెలల వేళ నమ్మ యొసగు
కొమ్మ పట్టి తిరుగు కోవాల కులమున
తల్లి మలమె బిడ్డ కెల్ల బలము

తుంగతీరం: ఇప్పుడు వేలు పెట్టడానికి చోటు లేదు.