పొడి మచ్చలకు మందు కొత్త కంట్రోలరా, పాత హెడ్ల రిపేరా?

గ్రీన్‌కాపరి: మా గోల్ఫ్ కోర్సులో స్ప్రింక్లర్లు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఏడో గ్రీన్‌లో, అంటే గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డిలో, ఎడమ పక్క గడ్డి మాడిపోతోంది, కుడి పక్క కాలు పెడితే దిగబడుతోంది. ఈసారి డబ్బు ఒక్క పనికే సరిపోతుంది. పైవాళ్లు నేలలో సెన్సర్లు, వాతావరణాన్ని బట్టి టైమ్ మార్చుకునే కంట్రోలర్ కావాలంటున్నారు. నేనేమో ముందు నీళ్లు చిమ్మే హెడ్లు, వాటి మూతి దగ్గరుండే నాజిళ్లు మారుద్దామంటున్నా. ఎవరిది రైటు?

తడిమట్టి: నా ఓటు కంట్రోలర్‌కే. రోజూ ఒకే టైమ్ పెట్టి వదిలేస్తే మబ్బు రోజూ, ఎండ మండే రోజూ ఒకే తడి. హెక్టారుకు ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా 10,000 లీటర్లు వృథా, కరెంటు బిల్లు అదనం.

వాల్వ్‌డబ్బా: సరే, కానీ ఎన్ని నిమిషాలు తిప్పాలో చెప్తుంది గానీ ఆ నీళ్లు ఎక్కడ పడుతున్నాయో దానికేం తెలుసు? కాపరి అన్నా, ఒకే సైజు డబ్బాలు ఓ ఇరవై ఆ గ్రీన్ మీద సమాన దూరంలో పెట్టి పది నిమిషాలు నడిపి కొలువు. అన్నిటి సగటు 8 మి.మీ. వచ్చి, బాగా తక్కువ పడిన పావు వంతు డబ్బాల సగటు 4 వచ్చిందనుకో, అక్కడ సరిపడా పడాలంటే టైమ్ రెట్టింపు చేయాలి. అప్పుడు మిగతాదంతా చెరువే. నేనోసారి ఇలాగే మచ్చ పక్కన తవ్వి చూస్తే హెడ్ రెండు వేళ్ల లోతు దిగిపోయి ఉంది, చుట్టూ గడ్డి గోడలా పెరిగి నీటి ధార దానికే తగులుతోంది. పక్క హెడ్‌కి ఎవరో చేతికి దొరికిన వేరే రంగు, అంటే వేరే సైజు నాజిల్ బిగించారు!

తడిమట్టి: అర్ధరాత్రి పైపు పగిలితే? మంచి కంట్రోలర్ ఫ్లో పెరగడం చూసి లైన్ ఆపేస్తుంది. పంపు మోయలేనన్ని హెడ్లు ఒకేసారి తెరుచుకోకుండా కూడా చూస్తుంది.

వాల్వ్‌డబ్బా: అది ఒప్పుకుంటా. ప్రెషర్ తగ్గితే నీళ్లు మధ్యలో పడకుండా రింగులా పడతాయి, మరీ ఎక్కువైతే పొగమంచులా గాలికి పోతాయి. అయితే దానికి హెడ్ దగ్గర గేజ్ పెట్టి చూడాలి, సెన్సర్ చెప్పదు.

పిచికారి: ఇద్దరూ నీళ్లే పట్టుకున్నారు, మట్టి సంగతేంటి? మచ్చలోంచి ఓ మట్టిముక్క తీసి పక్కల మీద నీటి బొట్టు వేయండి. తామరాకు మీద బొట్టులా నిలబడితే గ్రీన్ కింది ఇసుక నీటిని పట్టట్లేదని, ఎన్ని హెడ్లు మార్చినా దండగే. నీళ్లు ఇంకేలా చేసే మందు వాడాలి.

గ్రీన్‌కాపరి: రెండూ చేశా. బొట్టు వెంటనే ఇంకిపోయింది, పిచికారి గారూ. డబ్బాల్లో ఎడమ పక్క 3, 4 మి.మీ., కుడి పక్క 9. ఎడమ హెడ్ ఒరిగిపోయి ఉంది, నాజిళ్లు మూడు రంగులు. డబ్బాల ఫొటో తీసుకుని రేపు మీటింగ్‌కి పోతున్నా, హెడ్లే అడుగుతా.

తడిమట్టి: అడుగు. రాత్రి పైపు పగిలినప్పుడు మెయిన్ వాల్వ్ ఎవరు కట్టేస్తారో కూడా అక్కడే రాయించుకో.