సచివాలయంలో అందరి వివరాలూ ఉన్నాక మళ్లీ ఢిల్లీ సర్వేలెందుకు?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

మొన్న మా వీధికి కేంద్రం సర్వే వాళ్లు వచ్చారు. మొత్తం వీధిలో నాలుగిళ్లే అడిగి వెళ్లారు. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఒకాయన లేచి, "ఇంటింటి లెక్కా వార్డు సచివాలయంలో ఉంది కదా, నాలుగిళ్లు అడిగి దేశం సంగతి చెప్పేస్తారా? డబ్బు దండగ" అన్నారు. చాలామంది తలూపారు. నేనొప్పుకోలేదు. అక్కడ తేలలేదు, ఇక్కడ పెడుతున్నాను.

నా వాదన ఇది. సచివాలయం దగ్గరున్నది ఎవరికి ఏ పథకం వస్తుందో చూసే లెక్క. మనుషుల బతుకు మారిందా లేదా అన్నది వేరే లెక్క. ఆడపిల్లలకు ఐరన్ మాత్రలు ఎన్ని పంచారో రికార్డుల్లో దొరుకుతుంది. రక్తం పట్టిందో లేదో వేలు గుచ్చి చూస్తేనే తెలుస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆ పనే చేసింది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత 2015-16లో 60 శాతం, 2019-21 సర్వేలో 58.8. అన్ని మాత్రలు మింగించాక తగ్గింది ఇంతే! ఏ పంపిణీ రిజిస్టరూ ఈ మాట చెప్పదు.

కవిటి కొబ్బరితోట

మాస్టారూ, నాను ఒప్పుకోను. మా అమ్మ సంగతి సెప్తాను, ఇనండి.

రెండేళ్ల కిందట ఓ గుంట ట్యాబ్ పట్టుకొని మా ఇంటికొచ్చినాది. మా అమ్మ అరుగు మీద కొబ్బరికాయలు ఒలుస్తా ఉంది. ఇంట్లో ఎంతమందని అడిగితే ఆరుగురని సెప్పినాది. పేర్లు సెప్పమంటే అన్నీ సెప్పినాది. "వీళ్లంతా ఇక్కడే ఉంటారా అమ్మా?" అంటే, "సంక్రాంతికొస్తారమ్మా" అంది. ఆ గుంట ఒక్కో పేరూ తీసీసినాది. మా అన్న, వదిన, ఇద్దరు పిల్లలు, నాను. ఆకరికి ట్యాబ్‌లో మా అమ్మ ఒక్కతే మిగిలింది. మా అమ్మ ఇప్పటికీ అంటాది, "ఆ పిల్ల నా కొంపంతా తుడిసేసినాది" అని.

మా అన్న చెన్నైలో సెంట్రింగ్ పని. నాను హైదరాబాదు. మా ఊళ్లో సగం ఇళ్లు ఇలాగే ఉంటాయి. శ్రీకాకుళంలో వెయ్యి మంది మగోళ్లకి 1,015 మంది ఆడోళ్లని 2011 జనాభా లెక్కల్లో ఉంది. పేపరోళ్లు మురిసిపోనారు. మగోళ్లు ఊళ్లో ఉంటే కదా లెక్కకి దొరకడానికి!

బొబ్బిలి వీణ

నేను నాలుగేళ్లు కాంట్రాక్టు మీద ఇలాంటి సర్వేల్లో తిరిగాను. కొబ్బరితోట గారూ, ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆరు నెలల లెక్కని ఒకటుంటుంది. అంతకుమించి బయట ఉండేవాళ్లు ఆ ఇంటి మనుషుల్లోకి రారు. లేకపోతే మీ అన్నను ఇక్కడా చెన్నైలోనూ రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది.

సచివాలయం లెక్క గురించి మాత్రం మాస్టారితో ఏకీభవిస్తాను. గుమ్మంలో నిలబడి "సర్వే అండి" అనగానే మొదటి ప్రశ్న వాళ్లదే: "బియ్యం కార్డు తీసేస్తారా?" ఒకసారి గజపతినగరం వైపు ఒకింట్లో ఫ్రిజ్ మీద దుప్పటి కప్పేశారు. పైన దేవుడి పటం కూడా పెట్టారు! మా వినియోగ సర్వే, అంటే ఇంటి ఖర్చుల సర్వే, దాన్ని బట్టి ఎవరి కార్డూ పోదని చెప్పుకుంటాం. 2022-23, 2023-24 సర్వేల్లో ఒకే ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లారు. తిండికి ఓసారి, చిల్లర ఖర్చులకు ఓసారి, సామాన్లకు ఓసారి. రెండోసారికి మంచినీళ్లిస్తారు, మూడోసారికి దుప్పటి తీసేస్తారు. గుడ్లు, చేపలు, కూరగాయలు గత ఏడు రోజుల్లో ఎంత కొన్నారో అడగాలి. బియ్యమైతే నెలకు. బట్టలు, బంగారం ఏడాదికి. "పోయిన బుధవారం చేపలేం కొన్నాను చెప్మా?" అని గుమ్మంలో కూర్చుని వేళ్లు మడుస్తుంటే ఆ లెక్క మీద నాకు నమ్మకం కలిగేది.

పలాస జీడిపప్పు

అంతా బాగానే ఉంది మేడమ్. 2017-18లో ఇదే వినియోగ సర్వే చేసి, నాణ్యత బాలేదని 2019లో ప్రభుత్వమే పక్కన పెట్టేసింది కదా. చేదుగా ఉందని అద్దం తిప్పి పెట్టేస్తే మీ ఏడు రోజుల చేపలు ఎవరి కోసం?

నాగావళి ఒడ్డు

జీడిపప్పు గారు అన్నదాంట్లో అబద్ధం లేదు. తర్వాతి లెక్కలు 2024లో గాని బయటికి రాలేదు. అది దాచినవాళ్ల తప్పు, అడిగినవాళ్లది కాదు.

సర్వేలు విధానాన్ని మార్చిన ఉదాహరణ ఒకటి చెప్తాను. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదన్న నిబంధన 1994 నుంచీ ఉండేది. 2019-21 ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో తల్లికి సగటున 1.7 పిల్లలే. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ముసలివాళ్లు పెరుగుతున్నారు, పిల్లలు తగ్గుతున్నారన్న వాదన దీన్నుంచే పుట్టింది. 2024లో ఆ నిబంధన ఎత్తేశారు. ఎత్తేయడం మంచిదా చెడ్డదా అన్నది వేరే గొడవ (దానికి వేరే చర్చ తెరవండి, ఇక్కడ వద్దు).

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తాం. నాలుగిళ్ల లెక్కా అంతే.

కవిటి కొబ్బరితోట

ఒకే కుండలో ఉడికితే మెతుకు సరిపోద్ది మాస్టారూ. మా ఉద్దానం వేరే కుండ. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఏడు మండలాలు. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న ఊళ్లున్నాయి. మీ ఆరోగ్య సర్వే బీపీ చూసింది, సుగర్ చూసింది, రక్తం చూసింది. కిడ్నీ ఎలా పనిసేస్తందో సెప్పే క్రియాటినిన్ చూసిందా?

బొబ్బిలి వీణ

లేదు. చూడలేదు.

2019లో రాష్ట్రం మొత్తం మీద అడిగింది సుమారు 11 వేల ఇళ్లు. 13 జిల్లాలకు పంచితే జిల్లాకు తొమ్మిది వందల లోపే. అందులో ఉద్దానం వాటా ఎంత? పైగా ఆ లెక్క పాత జిల్లాది. 2022 ఏప్రిల్లో రాజాం మా విజయనగరంలోకి వచ్చేసింది, పాలకొండ పార్వతీపురం మన్యంలో కలిసింది. "శ్రీకాకుళం జిల్లా" అని రాసిన అంకె ఏ శ్రీకాకుళానిదో చదివేవాడే చూసుకోవాలి.

ఉద్దానం లాంటి రోగాన్ని మొదట పట్టుకునేది ఊరి డాక్టరే. జాతీయ సర్వే దాన్ని చూడలేదు, చూడమని ఎవరూ దానికి చెప్పలేదు కూడా. ఇందులో మీదే పైచేయి.

నాగావళి ఒడ్డు

సరే, అక్కడ నా మెతుకు చెల్లదు. పెద్ద సర్వే ఒకటి, దానికి తోడు ఉద్దానానికి ప్రత్యేకంగా కొన్నేళ్లకోసారి మరొకటి ఉండాలని మార్చుకుంటున్నాను. సచివాలయం లెక్క చాలు అనడం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

కొబ్బరితోట గారూ, మీ అన్నయ్యను చెన్నైలో ఎవరైనా లెక్కపెట్టారా? వీణ గారూ, నియమం ఏమంటుంది?

బొబ్బిలి వీణ

వంతెన కిందో రోడ్డు పక్కనో ఎప్పుడూ ఉండేవాళ్లనైనా ఇళ్ల జాబితాలో రాయమనే మాకు చెప్పేవారు. నిలకడగా ఒకచోట లేకుండా తిరిగేవాళ్లనే వదలాలి. కట్టుబడి షెడ్లు మొదటి రకమే. కానీ గేటు దగ్గర వాచ్‌మన్, "ఇక్కడ ఇళ్లు లేవు మేడమ్, సైటు" అంటే ఎంతమంది లోపలికి వెళ్తారో నేను ప్రమాణం చేసి చెప్పలేను. నేనే ఒకసారి వెనక్కి వచ్చేశాను. ఎండ మండిపోతోంది ఆరోజు.

కవిటి కొబ్బరితోట

ఇప్పుడే మా అన్నకి ఫోన్ సేసినాను. ఏడేళ్లలో ఆడున్న షెడ్డుకి ట్యాబ్ పట్టుకొని ఒక్కసారే వచ్చినారంట. కరోనా టీకాకి.